బోర్లించిన చెంబు

మా వైపు చావు కబురు తెచ్చిన మనిషిని, అతను నోరు విప్పకముందే పోల్చుకుంటారు. అతను వీధిలోనే ఆగిపోతాడు. కాళ్ళ చెప్పులు విడవడు, అరుగు మీద కూర్చోడు, మంచినీళ్ళిస్తే ముట్టడు. చెప్పవలసింది చెప్పి, "వెళ్ళొస్తాను" అన్న మాట లేకుండా వెనుదిరుగుతాడు. ఈ నియమాన్ని ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పగా నేను చూడలేదు. అయినా అనకాపల్లిలో మా వీధి ఆడవాళ్ళు, వచ్చిన మనిషి వాకిట్లో తటపటాయించే తీరు చూసే పొయ్యిలోని కట్టె వెనక్కి లాగేసేవారు. కబురు చెవిన పడడం ఆ తరువాతి సంగతి.

నేను ఉద్యోగమంతా రైల్వే సరుకుల షెడ్డులో గుమాస్తాగా చేశాను. బెల్లం దిమ్మలు ఎన్ని మణుగులు తూగాయో, ఏ తేదీన ఏ పెట్టెకు ఎక్కాయో రాయడం నా పని. తూకానికీ తేదీకీ లొంగని సంగతిని సంగతిగా లెక్కించని అలవాటు అక్కడే పట్టుకుంది. ముఖం చూసి మనసు చెప్పగలమనేవారిని నేను నమ్మలేదు. ఇప్పటికీ అంతగా నమ్మను. కాని 1942 భాద్రపదం నుంచి 1945 శ్రావణం దాకా మా ఇంట్లో తెలిసినదంతా ముఖాల వల్ల, చేతుల వల్ల, ఒక చెంబు నీళ్ళ వల్ల తెలిసింది. వాటిని పక్కన పెట్టి రాద్దామంటే నా దగ్గర తేదీలు మాత్రమే మిగులుతాయి. ఆ తేదీల్లోనూ అసలైనది ఒకటి లేదు.

నాన్నగారు నా పదహారో ఏట పోయారు. ఇంట్లో అమ్మ, అన్న, వదిన, నేను. అన్న 1939 చివర రంగూను వెళ్ళాడు. మా బజారులో గాజుల దుకాణం నడిపే సాయిబుగారి బావమరిది అక్కడ గుడ్డల కొట్టు పెట్టుకున్నాడు. కొట్లో నమ్మకమైన మనిషి కావాలని ఆయన రాస్తే, అన్న పేరు చెప్పి పంపించింది ఈ సాయిబుగారే. ఆయనా నాన్నగారూ చిన్నప్పటి నుంచి ఒకరినొకరు "బావా" అని పిలుచుకున్నవారు. ఆ లెక్కన ఆయన అమ్మకు అన్నయ్య, నాకు మావయ్య. ఆ వరస ఎలా కలిసిందో నాకు తెలియదు గాని, ఇరుపక్కలా ఎవరూ దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు. నాన్నగారు పోయిన రోజున మా వాకిట్లో చివరిదాకా నిలబడ్డది ఆయనే. వదిన కాపురానికి వచ్చినప్పుడు ఆమె చేతులకు మా ఇంటి గాజులు తొడిగిందీ ఆయనే.

మావయ్య వారానికొకసారి వీధుల్లో తిరిగి గాజులు అమ్మేవారు. మా ఇంటి ముందు భుజం మీది మలారం దించేవారు. తాళ్ళకు గుచ్చిన గాజుల కట్టను మలారం అంటారు. దాన్ని అరుగు మీద పరిచి, చెప్పులు విడిచి, కూర్చొని, తువ్వాలుతో మెడ తుడుచుకొని, మొట్టమొదట మంచినీళ్ళు అడిగేవారు. మా నూతి నీళ్ళు తియ్యన. ఆయన కోసం అరుగు గూట్లో ఒక ఇత్తడి చెంబు వేరుగా ఉండేది. మేము తాగే పాత్రలో ఆయనకు నీళ్ళు ఇవ్వకపోవడం ఆనాటి పద్ధతి. అది ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ చెంబును ఇంట్లోని అన్ని పాత్రలకన్నా ఎక్కువ మెరిసేలా తోమి, అమ్మ ఆ పద్ధతిలోని మోటుతనాన్ని కొంతైనా తగ్గించానని అనుకునేది.

"సెల్లమ్మా, నాను ఈ నీళ్ళ కోసమే వత్తాను. గాజులు ఒట్టి వొంక" అనేవారు మావయ్య.

"అలగైతే గాజులు ఊరకనే ఇచ్చీ అన్నయ్యా. నీళ్ళకి సరికి సరి" అనేది అమ్మ.

"ఓలమ్మ! నీ నూతిలో ఏటి పన్నీరుందేటి?"

ఆ మాటలు ప్రతివారమూ ఇంచుమించు అవే. ఇద్దరూ ప్రతివారమూ నవ్వేవారు.

1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడ్డాయి. మరుసటి మార్చిలో ఆ పట్టణం జపానువారి చేతికి పోయింది. ఏప్రిల్లో విశాఖపట్నం మీదనే బాంబులు పడి, అక్కడి జనం మూటలతో మా స్టేషనులో దిగారు. ఆ వేసవి నుంచి రంగూను నుంచి కొండలమ్మట నడిచి వచ్చినవారు ఒక్కొక్కరే కనబడసాగారు. కాళ్ళకు గుడ్డలు చుట్టుకొని, ఎముకలకు చర్మం అంటుకుపోయి, తమ ఊరి పేరు చెప్పడానికి కూడా కాసేపు ఆలోచించే మనుషులు. షెడ్డులో పని వదిలి నేను ప్రతి బండికీ ఎదురు వెళ్ళేవాణ్ణి. అన్న దిగలేదు. ఇంటికి వచ్చాక అమ్మ నన్నేమీ అడిగేది కాదు. నేను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించే తీరు చూసేది. చూసి లోపలికి పోయేది.

ఆ ఏడు భాద్రపద శుద్ధ తదియ. తిథి ఇంత రూఢిగా చెప్పగలగడానికి కారణం, మర్నాడు వినాయక చవితి. అమ్మ అరుగు మీద కూర్చొని పత్రి ఏరుతోంది. వదిన పెరట్లో ఉండ్రాళ్ళకు బియ్యప్పిండి దంచుతోంది. నేను నడవలో ఉన్నాను. వర్షం వెలిసి వీధంతా బురదగా ఉంది.

ముందు సాయంత్రం ఆకాశమంతా మబ్బు కమ్మింది. మా ఊళ్ళో నెలవంక ఎవరికీ కనబడలేదు. మరెక్కడో కనబడిందన్న కబురు రైలులో వచ్చి, సాయిబుల వీధికి చేరి, అక్కడే ఉండిపోయింది. ఇది నాకు తరువాత తెలిసిన సంగతి. ఆ మధ్యాహ్నం మా వీధిలో ఎవరికీ అది రంజాను మొదటి దినమని తెలియదు.

జట్కా ఒకటి వచ్చి ఆగింది. మావయ్య దిగారు. భుజం మీద మలారం లేదు. వాకిట్లోకి వచ్చి, చెప్పులతోనే నిలబడిపోయారు. ఎండిన పెదవులను నాలుకతో తడుపుకోబోయి మానుకున్నారు. జట్కావాడు బండి తిప్పుకోలేదు. గుర్రం అలాగే వీధిలో నిలబడి ఉంది.

"రా అన్నయ్యా. అలగ నిలబడిపోనావేటి?" అంది అమ్మ. ఒళ్ళోని పత్రి పక్కన పెట్టి, గూట్లో చెంబు తీసి, బిందెలో ముంచి తెచ్చింది.

ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. "వొద్దు సెల్లమ్మా."

ఆ గొంతు బొంగురుపోయి ఉంది. అమ్మ ఆయన ముఖం చూసింది, తరువాత కాళ్ళ చెప్పులు చూసింది. చెంబు జారి అరుగు మెట్ల మీద దొర్లింది. ఆ చప్పుడు వెంట అమ్మ కేక వినబడింది.

"ఓలమ్మో! నా కొడుకో! నా నాయనో!"

పెరట్లో రోకలి చప్పుడు ఆగింది. వదిన పరుగెత్తి వచ్చి, అత్తగారు నేల మీద పడి ఉండడం చూసింది. ఏమయిందని అడగలేదు. రెండు చేతులూ ద్వారబంధానికేసి కొట్టుకుంది. పిండి అంటిన ఆ చేతుల నుంచి గాజు ముక్కలు రాలాయి, మణికట్టు తెగి నెత్తురు కారింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అప్పటికే వాకిట్లో ఉన్నారు. వారిలోనూ ఎవరూ ఏమిటని అడగలేదు. ఒకామె అమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. ఒకామె రాగం అందుకుంది. పక్కింటి ముసలమ్మ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించింది. నేను నడవలోంచి వచ్చి స్తంభం పట్టుకొని నిలబడ్డాను. ప్రతిదానికీ రుజువు అడిగే మనిషిని, ఏ రుజువూ అడగలేదు.

ఆ కోలాహలం మధ్య మావయ్య రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నారు. ఆయన కూడా ఏడుస్తున్నారనుకున్నాం.

"బతికున్నాడమ్మా! నీ కొడుకు బతికున్నాడు! నా మాట ఇనండే!"

రాగం తీస్తున్నామె అందరికన్నా ముందు విన్నది. నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. తరువాత ఒక్కొక్కరే ఆగారు.

"మరి నీళ్ళొద్దన్నావేటయ్యా?" అంది పక్కింటి ముసలమ్మ, కోపంగా.

"ఒక్కపొద్దమ్మా! ఈయాళే మొదలు! గుటక కూడా మింగకూడదు!"

"ఆ మాట సెప్పడానికేటి?"

"సెప్పనిచ్చేరా మీరు?"

"మరి కాళ్ళకి సెప్పులు?"

"కోటవురట్ల ఎల్లాల. జట్కావోడు ఆగనంటన్నాడు. ఒక్క మాట సెప్పి పోదామని దిగేను." ఆయన అప్పుడు వంగి చెప్పులు విడవబోయి, ఒకటి విడిచి, ఇక ఎందుకన్నట్టు ఆగిపోయారు.

ఆయన తెచ్చిన మాట ఇది. రంగూను నుంచి నడిచి వచ్చిన ఒకాయన, ఎస్. రాయవరం మనిషి, కోటవురట్లలో బంధువుల ఇంట మంచాన ఉన్నాడు. ఆయన దారిలో మా అన్నను కళ్ళారా చూశాడు. మావయ్య ఆయన్ను చూసి, వీలైతే బండిలో తీసుకురావడానికి బయలుదేరారు. తల్లి ఒక రోజు ముందే సంతోషిస్తుందని మధ్యలో మా ఇంటి ముందు దిగారు.

మర్నాడు, చవితినాడు, ఆయన్ను తెచ్చారు. గోడకు జేరబడి ఆయన చెప్పాడు: ప్రోము పట్టణం దాటాక అన్నను చూశాడు. చేతిలో బియ్యం డబ్బా ఉంది, నడుస్తున్నాడు, పలకరించాడు.

"ఏ తేదీన చూశారు?" అని నేను అడిగాను.

"అక్కడ తేదీలు ఎవుడికి గురుతుంటాయి బావూ? ఉగాదికి ముందు."

ఉగాది మార్చిలో వచ్చింది. అది సెప్టెంబరు. ఆ తేడాను నేను నాలోనే ఉంచుకున్నాను. ఇంట్లో వాళ్ళు "నడుస్తున్నాడు" అన్న ఒక్క మాటనే పట్టుకున్నారు.

కాని ఆ మాట కూడా ముందు రోజు జరిగినదాన్ని తుడిచెయ్యలేకపోయింది. బతికి ఉన్నవాడి కోసం తల్లి శోకం పెట్టింది, పొయ్యి ఆరింది, భార్య గాజులు పగిలాయి. ఒక మనిషి పోతే జరిగేవన్నీ, మనిషి పోకుండానే వరసగా జరిగిపోయాయి. పక్కింటి ముసలమ్మ మళ్ళీ వచ్చింది. మా గడపకు పసుపు రాసి వెళ్ళింది. అంటే అది అపశకునమనే అందరూ అనుకుంటున్నారన్నమాట.

మావయ్య ఆ వారం మలారంతో వచ్చారు. యుద్ధం వల్ల జపాను గాజులు రావడం మానేసి చాలా రోజులయింది. దుకాణంలో మిగిలిన పచ్చగాజులు తెచ్చారు. వదిన చేతులకు ఇంకా కట్లు ఉన్నాయి. ఆ కట్ల మీదుగా, నొప్పి పుట్టకుండా, ఒక్కొక్క గాజునూ ఎక్కించారు. ఆమె తన చేతుల వైపు చూడలేదు, గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆయన కూడా ఎప్పుడూ చెప్పే దీవెన చెప్పబోయి మానేశారు.

"బతికున్న కొడుకుని నాను నోటితో సంపుకున్నాను" అని అమ్మ ఒక్కసారే అంది, ఆయన వెళ్ళాక, నాతో. "కన్నతల్లి ఏడుపు ఊరికే పోదురా" అంది. నేను వాదించాను. శబ్దానికీ వెయ్యి మైళ్ళ దూరాన ఉన్న మనిషి ఆయుష్షుకూ సంబంధం ఉండదని, చదువుకున్నవాణ్ణి గనుక, వివరంగా చెప్పాను. ఆమె అంతా విని, "ఆడొచ్చిన రోజున నమ్ముతాను" అంది.

ఆ తరువాత అమ్మ ఎక్కడా ఏడవలేదు. ఎవరింట చావు జరిగినా వెళ్ళేది. అక్కడ రాగం అందుకునే వేళ కొంగు నోట్లో కుక్కుకొని కూర్చునేది. మా వీధిలో అమ్మ గొంతు మంచి గొంతు. "ఆవిడ ఏడిస్తే సచ్చినోడు కూడా ఇంటాడు" అని ఆడవాళ్ళు మెచ్చుకున్న గొంతు అది.

మావయ్య రావడం మానలేదు. పద్ధతి మార్చారు. వీధి మొగలో అడుగు పెడుతూనే, మా ఇంటికి ఇంకా ఎంతో దూరం ఉండగానే, "సెల్లమ్మా! నీళ్ళు!" అని కేక వేసేవారు. అది నీళ్ళ కోసం కాదు, చెడ్డ కబురు తేలేదని ముందుగానే తెలియడానికి. ఆ కేక వినబడగానే అమ్మ బిగిసిన భుజాలు సడలేవి. వీధిలో కుర్రకారుకు అదొక వినోదమయింది.

"సాయిబుగారికి దాహం మన వీధి మొగలోనే పుడతాది కాబోలు" అన్నాడొకడు ఆయన వింటూండగా.

"పుడతాదిరా అల్లుడూ. మీ ఇంటి ముందు పుట్టిందా, సచ్చిపోద్ది. మీ నీళ్ళు ఉప్పన" అన్నారాయన నడుస్తూనే.

అరుగు దగ్గరకు వచ్చి చెప్పులు చప్పుడయ్యేలా విడిచేవారు. కూర్చున్నాక, దాహం ఉన్నా లేకపోయినా, చెంబెడూ తాగేవారు. ఒక్కోసారి ఆ నీళ్ళు తాగలేక మధ్యలో ఊపిరి తీసుకోవడం నేను చూశాను. రంజాను నెలలో మాత్రం ఆయన మా వీధిలోకి వచ్చేవారు కాదు. నీళ్ళు తాగలేని నెలలో అమ్మకు కనబడడమెందుకని ఆయన ఉద్దేశం.

అమ్మ తన వైపు నుంచి మరొకటి చేసింది. ఏటా రంజానుకు ముందు అమావాస్య ఎప్పుడని నన్ను పంచాంగం చూసి చెప్పమనేది. ఆపైన సాయంత్రాలు తానే దొడ్లోకి వెళ్ళి పడమటి వైపు చూసేది. నెలవంక కనబడితే తిరిగి వచ్చి గూట్లోని ఇత్తడి చెంబును బోర్లించేది. "మా అన్నయ్య వచ్చినా రాకపోయినా, నీళ్ళు ఎత్తకూడదని గురుతు" అనేది. నెల ముగిసి పండుగ దాటాక మళ్ళీ నిలబెట్టేది. 1943లోనూ, 1944లోనూ అలాగే జరిగింది. రెండేళ్ళూ రంజానులో ఆయన రాలేదు, చెంబు బోర్లించే ఉంది.

వదిన తన వ్రతాలు, మంగళవారాలు, శుక్రవారాలు ఏదీ వదలలేదు. పచ్చగాజులు జాగ్రత్తగా వాడుకుంది. నూతి దగ్గర చేదతాడు లాగేటప్పుడు వాటిని మోచేతి వైపు తోసుకొని, కొంగు చుట్టుకునేది.

1945 మేలో రంగూను మళ్ళీ తెల్లవారి చేతికి వచ్చిందని పత్రికల్లో పడింది. ఆగస్టులో యుద్ధమే ముగిసింది. వీధిలో జనం ఇక పోయినవారంతా వస్తారన్నట్టుగా మాట్లాడుకున్నారు. అమ్మ ఆ మాటల్లో కలిసేది కాదు. అది శ్రావణమాసం. ఆ ఏడు రంజాను కూడా దానితోపాటే మొదలయింది. మబ్బుల సందున అమ్మకు నెలవంక కనబడింది. చెంబు బోర్లించి ఉంది.

ఒక గురువారం మధ్యాహ్నం. అమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. వదిన వంటింట్లో ఉంది. నాకు ఆ పూట సెలవు. గుమ్మంలో కుర్చీ వేసుకొని పత్రిక చదువుతున్నాను.

"సెల్లమ్మా! నీళ్ళు!"

వీధి మొగలో కేక వినబడింది. నేను తల ఎత్తాను. మావయ్య వస్తున్నారు, భుజం మీద మలారంతో. నా మనసు తేలికపడింది. ఇది దాచకుండా రాయాలి: ఆ కేకకు తేలికపడడం మూడేళ్ళుగా నా ఒంటికి అలవాటయింది, నేను ఆలోచించేలోపే అది జరిగిపోయింది. ఆయన వచ్చారు. చెప్పులు చప్పుడయ్యేలా విడిచారు. మలారం దించి అరుగు మీద కూర్చున్నారు. నన్ను చూసి, "ఏటి అల్లుడూ, ఈయాళ షెడ్డుకి ఎల్లలేదేటి?" అని నవ్వారు.

అమ్మ చేతిలో చేట ఆగింది. ఆమె ఆయన వైపు చూడలేదు. గూటి వైపు చూసింది.

లేచి, గూట్లో చెంబు తీసి, తిరగవేసి, లోపలికి వెళ్ళి నింపి తెచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకున్నారు. నీళ్ళు మలారం మీద చిందాయి. చెంబు పైకెత్తారు.

అమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"వొద్దు అన్నయ్యా. ఒక్కపొద్దు సెడగొట్టుకోకు. నాను ఇనీసేను."

ఆయన చెంబు దించలేదు. నోటి దగ్గర అలాగే పట్టుకొని ఉండిపోయారు. తరువాత ఆయన తల వంగింది, భుజాలు కదలసాగాయి. ఏడుపు చప్పుడు బయటికి రాలేదు. అమ్మ చెంబును ఆయన చేతుల్లోంచి మెల్లగా విడిపించి పక్కన పెట్టింది.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. బోర్లించిన చెంబు రోజూ చూస్తున్నవాణ్ణి, పంచాంగం చూసి అమావాస్య చెప్పినవాణ్ణి నేనే. రంజాను నెలలో ఆయన నీళ్ళు అడిగారన్న సంగతి నాకు తట్టలేదు.

"కోడలికి ఈయాళ సెప్పొద్దు" అంది అమ్మ గొంతు తగ్గించి. "రేపు సుక్కురారం. ఆ ఒక్క పూజా సేసుకోనీ."

కాని వదిన వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. అత్తగారు ఒక మగమనిషి చెయ్యి పట్టుకోవడం ఆమె కాపురానికి వచ్చాక ఎన్నడూ చూడలేదు. ఆమెకు అంతే చాలింది. ఈసారి ద్వారబంధానికి చేతులు కొట్టుకోలేదు. పచ్చగాజుల మీద కొంగు కప్పుకుంది. తరువాత అడిగింది.

"అత్తా, ఎసరు మరుగుతోంది. బియ్యం పొయ్యనా, వొద్దా?"

చావు కబురు విన్న ఇంట్లో బియ్యం పొయ్యరు.

"పొయ్యమ్మా" అంది అమ్మ. "మా అన్నయ్య పొద్దుగూకితే గాని తినడు. ఏటీ పెట్టకుండా ఎలగ పంపుతాను?"

ఎండ వాలేదాకా ఆయన ఆ అరుగు మీదే ఉన్నారు. చెప్పవలసింది మెల్లమెల్లగా చెప్పారు. రాజయ్యపేట మనిషి ఒకడు, సముద్రం మీద వేటకు పోయే కుటుంబంవాడు, ఇన్నేళ్ళూ చిట్టగాంగులో ఉండిపోయి ఇప్పుడు తిరిగి వచ్చాడు. అతనూ అన్నా కొండదారిలో కలిసి నడిచారు. అన్నకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. రెండో రోజున కదలలేకపోయాడు. చనిపోయాక అతనే ఆకులు కప్పి, రాళ్ళు పేర్చాడు. అన్న చివరగా ఏమైనా అన్నాడా అని అమ్మ అడగలేదు. ఎప్పుడని నేను అడిగాను.

"ఉగాది ఎల్లిపోయింది, వానలు ఇంకా రాలేదన్నాడు" అన్నారు మావయ్య. "ఎన్నెల రోజులట. అంతకన్నా తెల్దన్నాడు."

నేను వేళ్ళ మీద వేసుకున్నాను. చైత్రం గాని, వైశాఖం గాని. ఏదైనా ఆ భాద్రపదానికి చాలా ముందు. మావయ్య వాకిట్లో చెప్పులతో నిలబడి, "వొద్దు సెల్లమ్మా" అన్ననాటికి అన్న పోయి నెలలు గడిచాయి. ఆ రోజు మా ఇంటికి వచ్చిన "నడుస్తున్నాడు" అన్న మాట పాతబడిన మాట. అమ్మ వేసిన కేక మాత్రం సరైనది. నేను ఈ లెక్కను మెల్లగా అమ్మకు చెప్పాను. తేదీల మీద నాకున్న నమ్మకం మరొకరికి పనికివచ్చిన సందర్భం నాకు గుర్తున్నది ఇదొక్కటే.

అమ్మ చాలాసేపు నా ముఖంలోకి చూసింది, నేను ఓదార్చడానికి కల్పించి చెబుతున్నానేమోనని వెతుకుతున్నట్టు.

"అయితే ఆయాళ నా ఏడుపు దండగ పోనేదురా" అంది. "ఆడికే సేరింది."

ఆ తరువాత ఏడ్చింది. మూడేళ్ళుగా కొంగులో కుక్కుకున్న గొంతు. ఈసారి ఇరుగుపొరుగు వెంటనే రాలేదు. తమ గుమ్మాల్లో నిలబడి మావయ్య విడిచిన చెప్పుల వైపు, అరుగు మీది మలారం వైపు చూస్తూ ఉండిపోయారు. వారికి ఏ గుర్తు నమ్మాలో తెలియలేదు.

పొద్దు కుంకాక మావయ్య ఆ చెంబులోని నీళ్ళతోనే ఒక్కపొద్దు విడిచారు. వదిన వడ్డించిన అన్నం రెండు ముద్దలు తిన్నారు. లేచి చెప్పులు తొడుక్కొని, మలారం భుజానికెత్తుకొని, వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళారు. ఆ ఒక్క నియమం పాటించారు.

తరువాత పురోహితుణ్ణి అడిగాం. పోయిన తిథి తెలియకపోతే, ఆ కబురు విన్న తిథినాడు తద్దినం పెట్టవచ్చునన్నాడు ఆయన. నేను శ్రావణంలోని ఆ గురువారం తిథి రాసి ఉంచాను. అమ్మ ఒప్పుకోలేదు.

"నాను ఇన్నది అప్పుడు కాదు. ఇనాయక సవితి ముందు రోజు ఇన్నాను. ఆ రోజే పెట్టు."

అది విన్న తిథి కాదని, పోయిన తిథి అంతకన్నా కాదని నాకు తెలుసు. అయినా అమ్మ ఉన్నన్నాళ్ళూ, ఆమె పోయాక ఇన్నాళ్ళూ, నేను భాద్రపద శుద్ధ తదియనాడే మా అన్నకు తద్దినం పెడుతున్నాను. తప్పని తెలిసి నా చేత్తో నేను రాసుకున్న తేదీ ఇదొక్కటే.

మావయ్య మా ఇంటికి గాజులు తేవడం మానేశారు. ఇతర ఇళ్ళకు మా వీధిలోంచి వెళ్ళక తప్పదు గనుక, మా ఇల్లు దాటేదాకా మలారం మీద తువ్వాలు కప్పుకొని నడిచేవారు. వదినకు గాజుల గలగల వినబడకుండా ఒక చేత్తో దాన్ని అదిమిపట్టుకునేవారు. ఆ చప్పుడు లేకపోవడాన్ని బట్టే వదినకు ఆయన వెళుతున్నారని తెలిసేది. లోపల ఏ పనిలో ఉన్నా చెయ్యి ఆపి, ఆయన దాటిపోయేదాకా ఆగేది.

మలారం లేని రోజుల్లో మాత్రం ఆయన ఎప్పటిలాగే వీధి మొగలోనే కేక వేసేవారు. అమ్మ లేచి గూట్లోని చెంబు అందుకునేది.